బడి ఆవరణలోనే క్రెష్: చదువుకునే వయసులో తల్లిదండ్రులైనవారికి ఏ సేవ అక్కరకొస్తుంది

బడికి వెళ్లే వయసులోనే బిడ్డ పుట్టిన విద్యార్థుల కోసం పెట్టిన సంరక్షణ సేవల్ని బేరీజు వేసేటప్పుడు మేము ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: ఆ తల్లి చివరి పీరియడ్‌లో కూడా క్లాసులో ఉంటోందా? గోడల రంగులు, ఆటవస్తువులు తర్వాతి సంగతి. చాలాచోట్ల గది బాగుంటుంది, ఆయాలు బిడ్డను ప్రేమగా చూసుకుంటారు. అయినా టర్మ్ సగానికి వచ్చేసరికి ఆ అమ్మాయి హాజరు పలచబడుతుంది. అలా జరిగిన చోట మూలం వెతికితే, దాదాపు ఎప్పుడూ బడి గంటలకీ క్రెష్ గంటలకీ పొంతన లేకపోవడమే బయటపడుతుంది.

ఈ సేవలో ముఖ్యంగా మూడు రకాలున్నాయి. న్యూయార్క్ నగర ప్రభుత్వ పాఠశాలలు నడిపే 'లైఫ్' కార్యక్రమంలో క్రెష్‌లు ఎక్కువగా హైస్కూలు భవనాల్లోనే ఉంటాయి. న్యూజీలాండ్‌లో టీనేజ్ తల్లిదండ్రులకు విడిగా చిన్న యూనిట్లు నడుపుతారు, పక్కనే శిశు కేంద్రం ఉంటుంది. ఇంగ్లండ్‌లో 'కేర్ టు లెర్న్' పథకం కింద బయటి సంరక్షకులకు ప్రభుత్వం డబ్బు కడుతుంది. బిడ్డకు ఏడాదిన్నర వచ్చేదాకా మా ఓటు మొదటి రకానికే. అయితే పేరుకు బడిలో ఉన్న ప్రతి క్రెష్‌కీ ఆ ఓటు వర్తించదు. ఎందుకో వివరంగా చెప్తాం.

న్యూయార్క్ కార్యక్రమంలో మాకు నచ్చిన మొదటి విషయం, ఆరు వారాల పసికందును కూడా తీసుకోవడం. మూడు నెలలు, ఆరు నెలలు నిండితేనే చేర్చుకుంటామనే క్రెష్ ఈ తల్లులకు ఎందుకూ కొరగాదు. ప్రసవం తర్వాత కోలుకుని బడికి రావాలనుకునే సమయంలో తలుపు మూసి ఉంటే, ఆ టర్మ్ పోతుంది, దాంతో ఏడాదీ పోతుంది. రెండోది, విద్యార్థి నుంచి రుసుము తీసుకోరు, 21 ఏళ్ల లోపు విద్యార్థి తల్లయినా తండ్రయినా వాడుకోవచ్చు. మూడోది, తను చదివే బడిలో క్రెష్ లేకపోయినా నగరంలోని మరో బడిలో ఉన్న దాంట్లో బిడ్డను చేర్చవచ్చు. ఈ మూడోదాన్ని జాగ్రత్తగా వాడుకోవాలి. ఇంటికి దగ్గరని వేరే బడిలో చేరిస్తే పాలిచ్చే వీలు పోతుంది, ప్రయాణం పెరుగుతుంది. అప్పుడు ఆవరణలో క్రెష్ ఉండడం వల్ల వచ్చే లాభంలో సగం వదులుకున్నట్టే.

ఇక ఉదయం సంగతి. సేవ నిలబడేదీ కూలేదీ ఇక్కడే. మొదటి గంట ఎనిమిదింటికి కొడితే క్రెష్ తలుపు ఏడున్నరకే తెరవాలి. బిడ్డను అప్పగించడమంటే చేతుల్లో పెట్టి వెళ్లిపోవడం కాదు. చివరిసారి పాలు ఎన్నింటికి తాగింది, ఎంత తాగింది, రాత్రి ఎలా పడుకుంది, డైపర్ ఎప్పుడు మార్చారు, మందు ఏదైనా వేశారా, సాయంత్రం ఎవరు తీసుకెళ్తారు అనేవి రాసి సంతకం చేయాలి. ఒళ్లు వెచ్చగా ఉందేమో, కొత్తగా దద్దుర్లు వచ్చాయేమో ఆయా చూసుకోవాలి. అన్నీ సవ్యంగా జరిగినా ఒక్కో బిడ్డకు ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. ఒకేసారి నలుగురు తల్లులు వస్తే నాలుగో అమ్మాయి అరగంట దాకా నిలబడాల్సి రావచ్చు. క్రెష్‌నూ బడినీ ఒకే సమయానికి తెరిచే చోట ఆ అమ్మాయికి రోజూ 'లేటు' పడుతుంది. మూడు లేట్లు ఒక గైర్హాజరుగా లెక్కించే బడుల్లో ఆ లెక్క ఎటు పోతుందో చెప్పక్కర్లేదు. దీనికి మందు రెండు విధాలు: క్రెష్‌ను అరగంట ముందు తెరవడం, లేదంటే ఈ విద్యార్థులకు మొదటి పీరియడ్‌ను సొంతంగా చదువుకునే పీరియడ్‌గా వదిలేయడం. ఈ రెండింట్లో ఒక్కటీ లేని సేవకు మేము మంచి మార్కులు వేయలేం.

సాయంత్రం కూడా అంతే. బడి వదిలిన పావుగంటకే క్రెష్ మూసేస్తే ల్యాబు, ప్రత్యేక తరగతులు, గ్రంథాలయం అన్నీ ఆ అమ్మాయికి దూరమైపోతాయి.

పాల విషయం మీద చాలా బడులు శ్రద్ధ పెట్టవు, కాబట్టి కాస్త ఎక్కువ చెప్పాలి. రెండు మూడు నెలల బిడ్డ ఉన్న తల్లి సుమారు మూడు గంటలకోసారి పాలివ్వాలి, లేదా పిండి తీయాలి. ఒక్క విడత తప్పితే రొమ్ములు గట్టిపడి నొప్పి పుడుతుంది, బట్టలు తడుస్తాయి. అదే అలవాటైతే గడ్డకట్టి జ్వరం రావచ్చు, పాలూ తగ్గిపోతాయి. పంపుతో పాలు తీయడానికి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. గదికి నడిచి వెళ్లడం, చేతులు కడుక్కోవడం, పంపు భాగాలు కడిగి ఆరబెట్టడం కలిపితే అరగంట. 45 నిమిషాల పీరియడ్‌లో ఇక మిగిలేదెంత? అందుకే ఈ విరామాన్ని రోజూ ఒకే సబ్జెక్టు మీద పడనివ్వకూడదు. రోజూ పదకొండింటికి వెళ్తూ ఆ వేళ గణితం ఉంటే, ఏడాది చివర గణితంలో తప్పుతుంది, తప్పును పాల మీదకు నెట్టేస్తారు. భోజన విరామానికి ఆనుకుని ఒకటి, తేలిక పీరియడ్‌లో ఒకటి అని టైమ్‌టేబుల్‌లోనే రాయించుకోవాలి.

కాలిఫోర్నియాలో 2015లో ఆమోదించిన చట్టం ఇందులో అనుసరించదగ్గది. పాలిచ్చే విద్యార్థినికి మరుగుదొడ్డి కాని ఒక ఏకాంతపు గది, పంపు తెచ్చుకునే అనుమతి, కరెంటు ప్లగ్గు, పాలు భద్రంగా దాచే చోటు, తగినంత సమయం ఇవ్వాలని, అందుకోసం క్లాసు వదిలినందుకు మార్కులు తగ్గించకూడదని అది చెప్తుంది. ఏ దేశంలోని బడిని చూడబోయినా ఈ జాబితాను వెంట పట్టుకెళ్లండి. 'గది ఉంది' అంటే తలుపుకు లోపల గడియ ఉందా, ప్లగ్గు కుర్చీకి అందే దూరంలో ఉందా, చేతులు కడుక్కునే సింకు పక్కనే ఉందా అని చూడండి. స్టోర్ రూములో కుర్చీ వేసి పాలగది అనేవాళ్లున్నారు.

తీసిన పాలు గది ఉష్ణోగ్రతలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు నిలవ ఉంటాయి. గడ్డకట్టించిన పాలు పూర్తిగా కరిగాక ఫ్రిజ్‌లో పెట్టి 24 గంటల్లో వాడేయాలి. బిడ్డ తాగుతూ వదిలేసిన పాలను, తాగడం అయ్యాక రెండు గంటల్లోపు వాడకపోతే పారబోయాలి. ఈ చివరి నియమం వల్లే సీసాకు 60 నుంచి 90 మిల్లీలీటర్లకు మించి నింపకుండా ఎక్కువ సీసాలు పంపమని తల్లులకు చెప్పాలి. ఒకే సీసాలో 180 పంపితే, సగం తాగి పడుకున్న బిడ్డ వల్ల మిగతా సగం వృథా అవుతుంది, ఆ పాలు తీయడానికి ఆ అమ్మాయి పడ్డ శ్రమా వృథా అవుతుంది. డబ్బా పాలకు లెక్క వేరు: కలిపిన రెండు గంటల్లో వాడాలి, బిడ్డ తాగడం మొదలెట్టాక గంటలో ముగించాలి, వెంటనే ఫ్రిజ్‌లో పెడితే 24 గంటలు.

క్రెష్‌లో ఫ్రిజ్ తెరిచి ఒక సీసా బయటికి తీసి చూడండి, చాలా విషయాలు తెలుస్తాయి. చెమ్మకు చెదిరిపోని సిరాతో బిడ్డ పూర్తి పేరు, పాలు తీసిన తేదీ, సమయం సీసా మీదే రాసి ఉండాలి. మూత మీద రాస్తే పనికిరాదు, మూతలు కడిగేటప్పుడు మారిపోతాయి. పాలను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టి వేడి చేయాలి. మైక్రోవేవ్‌లో పెడితే వేడి సమానంగా పాకదు, బయట చల్లగా తగిలినా లోపల బిడ్డ నోరు కాలేంత వేడి ఉండొచ్చు. మైక్రోవేవ్‌లో పాలసీసా కనిపిస్తే ఆ క్రెష్ మీద మా నమ్మకం అక్కడికే సన్నగిల్లుతుంది. నిద్ర విషయంలోనూ ఇంతే పట్టుదల కావాలి: వెల్లకిలా, గట్టి చదునైన పరుపు మీద, దిండూ దుప్పటీ బొమ్మలూ లేకుండా పడుకోబెట్టాలి. కారు సీటులోనే నిద్రపోయిన బిడ్డను రాగానే తీసి తొట్టిలో వేయాలి.

సిబ్బంది లెక్క చాలామంది సరిగా చూడరు. ఇంగ్లండ్ నిబంధనల ప్రకారం రెండేళ్ల లోపు పిల్లలు ముగ్గురికి ఒక మనిషి, ఒక్కో బిడ్డకు మూడున్నర చదరపు మీటర్ల చోటు ఉండాలి. న్యూజీలాండ్‌లో అదే వయసుకు ఐదుగురికి ఒకరు. కాగితం మీద నిష్పత్తి కుదిరితే చాలదు. తొమ్మిది మంది పసిపిల్లలకు సరిగ్గా ముగ్గురు ఆయాలున్నారనుకుందాం. వాళ్లలో ఒకరు సెలవు పెడితే నిబంధన ప్రకారం ముగ్గురు పిల్లల్ని ఆరోజు తీసుకోలేరు, అంటే ముగ్గురు విద్యార్థినులు క్లాసు మానేస్తారు. వాళ్లలో ఒకరికి పరీక్ష ఉండొచ్చు. ఈ లెక్క బాగా తెలిసిన నిర్వాహకులు నిష్పత్తి కన్నా ఒకరిని ఎక్కువ పెట్టుకుంటారు, లేదా శిశు సంరక్షణ అర్హత ఉన్న బడి ఉద్యోగి ఒకరిని అత్యవసరానికి సిద్ధంగా ఉంచుతారు. మీరు అడగాల్సిన ప్రశ్న: 'ఈ టర్మ్‌లో సిబ్బంది కొరతతో ఎన్ని రోజులు పిల్లల్ని వెనక్కి పంపారు?' రిజిస్టరు తెరిచి చూపించగలిగితే మంచి చోటు. తడబడితే ఆలోచించుకోండి.

జబ్బు చేసినప్పుడు ఏం జరుగుతుందన్నది అన్నిటికన్నా పెద్ద చిక్కు. దానికి పూర్తి పరిష్కారం ఏ నమూనాలోనూ లేదు. పదిమంది మధ్యకు కొత్తగా వచ్చిన పసిబిడ్డకు మొదటి నెలల్లో జలుబు, దగ్గు, విరేచనాలు మాటిమాటికీ వస్తాయి. వాంతులూ విరేచనాలూ ఆగిన తర్వాత 48 గంటలు బిడ్డను తీసుకురావద్దనే నియమం బ్రిటన్‌లో సాధారణం, అది సబబే. ఒక్కసారి కడుపు చెడితే తల్లికి మూడు నాలుగు రోజుల బడి పోతుందన్నమాట. టర్మ్‌లో ఇలా మూడుసార్లు జరిగితే హాజరు నిబంధన అడ్డొస్తుంది. క్రెష్ చేయగలిగింది తక్కువ, బడి చేయాల్సింది ఎక్కువ. బిడ్డ జబ్బు వల్ల మానేసిన రోజుల్ని సకారణ సెలవుగా రాయాలి. కాలిఫోర్నియాలో అందుకు డాక్టరు చీటీ కూడా అడగరు. 2019 నుంచి అక్కడ బిడ్డ పుట్టిన విద్యార్థికి ఎనిమిది వారాల సెలవు హక్కుగా ఉంది, అవసరమైతే హైస్కూలు పూర్తి చేయడానికి ఐదో ఏడాది కూడా ఇస్తారు. అమెరికా అంతటా, విద్యలో లింగవివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ప్రకారం గర్భం, ప్రసవం కారణంగా డాక్టరు అవసరమన్నంత కాలం సెలవివ్వాలి, తిరిగొచ్చాక మునుపటి స్థానంలోనే కూర్చోబెట్టాలి. మంచి బడుల్లో దీనికి తోడు ఒక మనిషి ఉంటారు: మానేసిన రోజున ప్రతి టీచరు దగ్గరా పాఠం, హోంవర్కు తీసుకుని సాయంత్రానికల్లా ఆ అమ్మాయికి చేర్చే మనిషి. ఆ పని ఎవరిదని అడిగితే 'అందరం చూసుకుంటాం' అన్న జవాబు వస్తే ఎవరూ చూసుకోరని అర్థం.

న్యూజీలాండ్ యూనిట్లు ఈ చిక్కును మరో దారిలో తేలిక చేస్తాయి. మొదటిది 'హె హువారహి తమారికి' పేరుతో 1994లో పోరిరువా నగరంలో మొదలైంది. ప్రతి యూనిట్‌కూ ఒక పెద్ద హైస్కూలు అండగా ఉంటుంది. తరగతిలో పదిహేనేళ్ల అమ్మాయీ పద్దెనిమిదేళ్ల అమ్మాయీ పక్కపక్కన కూర్చుని ఎవరి వేగంలో వాళ్లు చదువుకుంటారు కాబట్టి, నాలుగు రోజులు మానేసినా ఎక్కడ ఆపారో అక్కణ్నుంచి మొదలెట్టవచ్చు. బిడ్డ ఏడిస్తే ఎవరూ వింతగా చూడరు. బడిలో తలెత్తుకు తిరగలేక చదువు మానేసిన పిల్లలకు ఈ చోటే సరైనది, అందులో మాకు సందేహం లేదు. ఇబ్బంది సబ్జెక్టులతో వస్తుంది. చిన్న యూనిట్‌లో ఉన్న కొద్దిమంది టీచర్లతో భౌతికశాస్త్రం ల్యాబు, పై స్థాయి గణితం నడపడం కష్టం. దూరవిద్య పాఠాలతో, అండగా ఉన్న హైస్కూలు తరగతులతో ఆ లోటు పూడ్చుకోవాలి. ఇంజనీరింగో వైద్యమో చదవాలనుకునే అమ్మాయి చేరేముందే 'ఈ సబ్జెక్టు నాకు ఎవరు చెప్తారు, వారానికి ఎన్ని గంటలు?' అని తేల్చుకోవాలి.

ఇంగ్లండ్ పద్ధతి పూర్తిగా వేరు. కోర్సు మొదలయ్యే నాటికి 20 ఏళ్లు నిండని, బిడ్డను ప్రధానంగా తానే చూసుకునే తల్లికి గానీ తండ్రికి గానీ 'కేర్ టు లెర్న్' వర్తిస్తుంది. బిడ్డకు వారానికి 180 పౌండ్ల వరకు, లండన్‌లో 195 పౌండ్ల వరకు ఇస్తారు. సంరక్షణ డబ్బు విద్యార్థి చేతికి రాదు, సంరక్షకులకే వెళ్తుంది; ప్రయాణ ఖర్చు మాత్రం బడి లేదా కాలేజీ ద్వారా అందుతుంది. నమోదు రుసుము, డిపాజిట్, బిడ్డను దింపే ప్రయాణ ఖర్చు, వేసవి సెలవుల్లో సీటు నిలుపుకోవడానికయ్యే ఖర్చు అన్నీ ఇందులోకే వస్తాయి. కుటుంబానికి అందే ఇతర ప్రభుత్వ సాయం దీనివల్ల తగ్గదు. తగ్గుతుందన్నది చాలా ఇళ్లలో ఉన్న భయం, అందుకే గట్టిగా చెప్తున్నాం.

దరఖాస్తులో వరస ముఖ్యం. ముందు బడి లేదా కాలేజీ, ఆ తర్వాత బడులనూ శిశు సంరక్షణనూ తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ ఆఫ్‌స్టెడ్‌లో నమోదైన సంరక్షకులు కుదరాలి, ఆ రెండూ ఖాయమయ్యాకే ఆన్‌లైన్‌లో దరఖాస్తు. ఆ తర్వాత బిడ్డ జనన ధ్రువపత్రం నకలు గానీ, చైల్డ్ బెనిఫిట్ (పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే భత్యం) అందుతున్నట్టు ఉత్తరం గానీ కాలేజీకి ఇవ్వాలి. కోర్సు మొదలుకాకముందు లేదా మొదలైన 28 రోజుల్లోపు దరఖాస్తు చేస్తే మొదటి రోజు నుంచి డబ్బు కడతారు. 28 దాటితే దరఖాస్తు అందిన వారం నుంచే, అంటే అప్పటిదాకా అయిన ఖర్చు విద్యార్థి నెత్తిన పడుతుంది. ఏటా కొత్తగా దరఖాస్తు చేయాలి, పాతది దానంతటదే కొనసాగదు. అమ్మమ్మో పిన్నో చూసుకుంటే డబ్బిస్తారా అని అందరూ అడుగుతారు. ఆ బంధువు వేరే ఇంట్లో ఉంటూ, బంధుత్వం లేని పిల్లల్ని కూడా నమోదైన సంరక్షకురాలిగా చూసుకుంటుంటేనే ఇస్తారు. విశ్వవిద్యాలయ కోర్సులకు, జీతం వచ్చే అప్రెంటిస్‌షిప్‌లకు పథకం వర్తించదు. బిడ్డ సంరక్షకుల దగ్గరికి రావడం ఆగినా, విద్యార్థి కోర్సు మానేసినా చెల్లింపు ఆగిపోతుంది.

ఈ పద్ధతిలో బలం స్వేచ్ఛ. నచ్చిన కోర్సు, నచ్చిన సంరక్షకులు. రెండేళ్ల బిడ్డకు, పాలు మానేసిన బిడ్డకు ఇదే మేలని మా అభిప్రాయం. రెండు నెలల బిడ్డ విషయంలో మాత్రం, బస్సు దిగి సంరక్షకుల ఇంటికి, అక్కణ్నుంచి మళ్లీ బస్సులో కాలేజీకి తిరగడం తల్లిని అలిసిపోయేలా చేస్తుంది. మధ్యలో పాలిచ్చే దారే లేదు.

సిబ్బంది తీరు గురించి కూడా రాయాలి. వయసు చిన్నదని తల్లిని పక్కన పెట్టి బిడ్డ విషయాలన్నీ తామే తేల్చేసే ఆయాలున్నారు. ఉద్దేశం మంచిదే, ఫలితం చెడ్డది. ఘనాహారం ఎప్పుడు మొదలెట్టాలి, జుట్టు ఎప్పుడు తీయించాలి అన్నవి ఆ తల్లి నిర్ణయాలు. 'మీ పాప ఇవాళ బోర్లా పడింది' అన్న కబురు ముందు ఆమెకే అందాలి, ఆమెను దాటి ఆమె తల్లికి ఫోన్ వెళ్లకూడదు. అలాగే బిడ్డను ఎవరు తీసుకెళ్లవచ్చో పేర్లు రాతపూర్వకంగా ఉండాలి. కొత్త మనిషి వస్తే గుర్తింపు కార్డు చూసి, తల్లికి చెప్పాకే అప్పగించాలి. బిడ్డను తండ్రికి అప్పగించకూడదని కోర్టు ఉత్తర్వు ఉంటే దాని నకలు ఫైల్లో పెట్టించండి, నోటిమాట చాలదు. అలాంటి ఉత్తర్వేమీ లేని తండ్రి కూడా అదే బడిలో చదువుతూ బిడ్డ బాధ్యత పంచుకుంటుంటే, అతనికీ దింపే రోజులు, జబ్బు రోజులు వాటాగా రాయాలి. జబ్బు రోజులన్నీ తల్లే మానేసే అలవాటు ఇక్కడ కొంతైనా తగ్గుతుంది.

నిధుల గురించి ఒక హెచ్చరిక. కాలిఫోర్నియాలో 2000లో మొదలైన 'కాల్‌సేఫ్' కార్యక్రమం ఇలాంటి విద్యార్థులకు చదువు, క్రెష్ రెండూ ఒకచోట అందించింది. మాంద్యం రోజుల్లో, 2009లో, ఆ నిధుల్ని వేరే అవసరాలకూ వాడుకోవచ్చని బడులను నడిపే స్థానిక పాఠశాల జిల్లాలకు వెసులుబాటు ఇవ్వడంతో చాలా కేంద్రాలు మూతపడ్డాయి. అందుకే క్రెష్ డబ్బు విడిగా కేటాయించిందా, బడి మొత్తం బడ్జెట్‌లో ఒక ముక్కా అని అడగడం తల్లులకు కూడా అవసరమే. టాంజానియాలో ప్రసవం తర్వాత అమ్మాయిలు బడికి తిరిగి రావడాన్ని 2021 నవంబర్‌లో అనుమతించారు. తలుపు తెరవడం పెద్ద అడుగే. బిడ్డను పట్టుకునే చెయ్యి లేకపోతే ఆ తలుపుదాకా కూడా చాలామంది రాలేరు.

చేర్చాలని నిర్ణయించుకున్నాక కాగితాలు ప్రసవానికి ముందే మొదలెట్టండి. సీటు కోసం పేరు ఏడో నెలలో రాయించవచ్చేమో అడగండి, బిడ్డ పుట్టగానే జనన ధ్రువపత్రం, టీకా కార్డు, డాక్టరు ఆరోగ్య పత్రం జోడించండి. బడికి తిరిగి వెళ్లే తేదీకి వారం ముందే బిడ్డను అలవాటు చేయాలి. మొదటి రోజు తల్లి పక్కనే ఉండగా ఒక గంట. రెండో రోజు తల్లి పావుగంట బయటికి వెళ్లి రావాలి. మూడో రోజు సీసాతో పాలు ఆయానే పట్టాలి, ఎందుకంటే తల్లి చేతిలో సీసా ముట్టని బిడ్డ కూడా వేరే చేతిలో తాగవచ్చు. నాలుగో రోజు ఒక నిద్ర అక్కడే పడుకోనివ్వాలి, ఐదో రోజు పూట మొత్తం. కేర్ టు లెర్న్ ఇలాంటి ఐదు రోజుల వరకు డబ్బు కడుతుంది, మిగతాచోట్ల ఉచితంగా అడగండి. సంచిలో ఐదారు డైపర్లు, రెండు జతల బట్టలు, పేరు రాసిన సీసాలు, తల్లి పాతచొక్కా ఒకటి పెట్టండి. చొక్కా ఆయా ఎత్తుకున్నప్పుడు భుజాన వేసుకోవడానికే, తొట్టిలో వేయడానికి కాదు.